నీరు ఇంకే చోటు, నిలిచే చోటు: ఫ్రాన్స్ వ్యవసాయ ప్రాంతాలను తీర్చిన నేల, వాలు

నార్మండీలోని కాన్ నగరం నుంచి తూర్పుగా బయల్దేరితే ముప్పై కిలోమీటర్లు గడవకముందే పల్లె ముఖం మారిపోతుంది. నగరం చుట్టూ ఉన్న చదును నేల మీద కంచెలు ఉండవు, చెట్లు అరుదు. గోధుమ, పంచదార తీసే బీట్, అవిసె చేలు ఒకదాని అంచు ఒకటి తాకుతూ కనుచూపు మేర సాగిపోతాయి, నడుమ నడుమ ఇళ్లన్నీ గుంపుగా కట్టుకున్న రాతి ఊళ్లు తగులుతాయి. దీవ్ నది పల్లం దాటి ఓజ్ ప్రాంతంలోకి అడుగుపెట్టగానే నేల మడతలు పడుతుంది. దుక్కి కనుమరుగై పచ్చిక బీళ్లు మొదలవుతాయి. వాటి చుట్టూ దట్టమైన చెట్ల కంచెలు, ఆపిల్ చెట్ల కింద మేసే ఆవులు, ఎక్కడికక్కడ విడిగా నిలిచిన రైతు ఇళ్లు కనిపిస్తాయి. కామెంబేర్, లివారో చీజ్‌ల పుట్టిల్లు ఈ ప్రాంతమే. ఈ రెండు చోట్లా కురిసే వానలో పెద్ద తేడా లేదు, చట్టం ఒకటే, సంత ఒకటే. తేడా కాలి కిందనే ఉంది. కాన్ మైదానం కింద సున్నపురాయి ఉండడం వల్ల పడిన వాన లోపలికి ఇంకిపోతుంది. ఓజ్ వాలుల్లో బంకమట్టి ఉండడం వల్ల నీరు పైపొరలోనే తచ్చాడుతుంది. అక్కడ నాగలికి పదును దొరికే రోజులు తక్కువ, గడ్డికి మాత్రం ఏడాదంతా పండగే.

నేల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా సారం గురించే మాట్లాడతారు: భాస్వరం ఎంత, పొటాష్ ఎంత, సేంద్రియ పదార్థం ఎంత అని. ఒక పొలానికి అది సరిపోతుందేమో గానీ, ఒక దేశంలోని వ్యవసాయ ప్రాంతాలు ఎందుకు ఒక్కొక్కటి ఒక్కో తీరున ఏర్పడ్డాయో వివరించడానికి చాలదు. ఫ్రాన్స్ పటాన్ని నిదానంగా చూస్తే ఇంకో ప్రశ్న ముందుకు వస్తుంది: పడిన నీరు అక్కడ ఏమవుతుంది? ఇంకుతుందా, నిలుస్తుందా, జారిపోతుందా? దీనికి జవాబు మట్టి ఒక్కటే చెప్పలేదు, వాలు ఒక్కటే చెప్పలేదు. రెండూ కలిసే చెబుతాయి. బంకమట్టి వాలు మీద ఉంటే పచ్చిక బీడు అవుతుంది, అదే బంకమట్టి పళ్లెంలాంటి పల్లంలో ఉంటే చిత్తడి అవుతుంది.

దేశ భూభాగంలో దాదాపు సగం వ్యవసాయ భూమే. దాని కింద ఉన్న రాతి నిర్మాణాన్ని స్థూలంగా మూడు భాగాలుగా చూడవచ్చు. పడమట బ్రిటానీ, మధ్యన మాసిఫ్ సెంట్రల్, ఈశాన్యాన వోజ్, ఆర్డెన్ గుట్టలు అతి పురాతనమైన, అరిగిపోయిన పర్వతాల మొదళ్లు; వాటిలో గ్రానైట్, పలకరాయి ఎక్కువ. వాటి నడుమ పారిస్ పరీవాహకం, అకితేన్ పరీవాహకం అని పిలిచే రెండు పెద్ద పల్లపు ప్రాంతాలు ఉన్నాయి. ప్రాచీన సముద్రాల అడుగున పేరుకున్న సున్నపురాయి, సుద్ద, బంకమట్టి అక్కడ పొరలు పొరలుగా పరుచుకున్నాయి. అంచున ఆల్ప్స్, పిరనీస్, జురా కొత్త పర్వతాలు.

పారిస్ పరీవాహకాన్ని ఒకదానిలో ఒకటి పేర్చిన పళ్లేల దొంతరతో పోల్చడం భూగోళ పాఠాల్లో మామూలే. గట్టి రాతి పొర, మెత్తటి మట్టి పొర ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పళ్లేల అంచులు బయటికి తేలిన చోట గట్టి పొర గుట్ట గోడలా నిలబడింది, మెత్తటి పొర కోసుకుపోయి పల్లమైంది. అందుకే పారిస్ నుంచి తూర్పుకు పోయేవారికి గోధుమ పీఠభూమి, ద్రాక్ష వాలు, సుద్ద మైదానం, తడి బంకనేల వరసగా ఎదురవుతాయి. ఈ దొంతర మీద ప్రకృతి ఇంకో దుప్పటి కూడా కప్పింది. మంచుయుగంలో, చెట్లూ గడ్డీ లేని ఉత్తరపు నేలల మీదుగా వీచిన గాలులు సన్నని ధూళిని మోసుకొచ్చి పీఠభూముల మీద పరిచాయి. ఇసుక కన్నా సన్నగా, బంకమట్టి కన్నా గరుకుగా ఉండే ఈ గరపనేలను లోయెస్ అంటారు. ఉత్తర ఫ్రాన్స్ వ్యవసాయ సంపదలో చాలా భాగం ఈ గాలి మోసుకొచ్చిన ధూళిదే.

పారిస్‌కు నైరుతిన, షార్త్ర్ చుట్టూ ఉన్న బోస్ పీఠభూమిలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఏడాదికి 600 మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే వాన పడే ఈ ప్రాంతంలో నదులు కూడా అరుదే. అయినా శతాబ్దాలుగా ఇది దేశపు ధాన్యపు కొట్టు. దీనికి కారణం, లోతైన గరపనేల ఒక మీటరు మందంలో దాదాపు 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీటిని వేర్లకు అందేలా పట్టి ఉంచగలదు. శీతాకాలపు వానలు ఆ సంచిని నింపుతాయి, మే జూన్‌లలో గోధుమ ఆ సంచి నుంచి తాగుతుంది. మిగిలిన నీరు కింది సున్నపురాయిలోకి దిగి, 9,000 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన భూగర్భ జలాశయంలో చేరుతుంది. నేల చదును, రాళ్లు లేవు, అడ్డుగా వాగులు లేవు. పెద్ద మడులకు, గుర్రపు నాగళ్లకు, ఆ తర్వాత ట్రాక్టర్లకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. షార్త్ర్ చర్చి గోపురాలు చాలా దూరం నుంచే గోధుమ మీద తేలుతున్నట్టు కనిపించడానికి కూడా ఈ చదునే కారణం. 1811లో నెపోలియన్ ప్రభుత్వం, బ్రిటిష్ నౌకా దిగ్బంధంతో చెరకు పంచదార ఆగిపోయిన రోజుల్లో, బీట్ సాగును ఆజ్ఞలతో ప్రోత్సహించినప్పుడు ఆ పంట ఉత్తరపు గరపనేలల్లోనే నిలదొక్కుకుంది. లావుగా, నిటారుగా దిగే బీట్ వేరుకు లోతైన, రాళ్లు లేని, గుల్లగా ఉండే నేల కావాలి.

బోస్‌కు ఈశాన్యంగా, పారిస్‌కు అవతల ఉన్న బ్రీ పీఠభూమి పైచూపుకు దానికి కవల సోదరిలా ఉంటుంది. గరపనేల ఇక్కడా ఉంది. అయితే దాని కింద బంకమట్టి, తిరగలి రాయి కలిసిన పొర ఉండడం వల్ల శీతాకాలంలో నీరు దిగక పొలాలు జౌకుతాయి. అందుకే పాత బ్రీలో అడవులు, కుంటలు, పచ్చికలు ఎక్కువ. ఆ పేరుతో ప్రపంచానికి తెలిసిన చీజ్ పుట్టింది ఆ తడిలోనే. 19వ శతాబ్దం నుంచి పొలాల కింద మట్టి గొట్టాలు పరిచి మురుగునీటిని లాగేయడం మొదలుపెట్టాక బ్రీ కూడా గోధుమ, బీట్ ప్రాంతమైంది. భూమిలో మీటరు లోతున ఎవరికీ కనబడని ఆ గొట్టాలే నేడు రెండు పీఠభూములనూ ఒకేలా కనిపించేట్టు చేశాయి.

తడి నేల అంటే ఏమిటో ఇంకా స్పష్టంగా చూపే చోటు బ్రే. నార్మండీ, పికార్డీ సరిహద్దులో సుద్దరాయి పీఠభూమి ఒకప్పుడు వీపులా ఉబ్బింది. ఉబ్బిన చోట సుద్ద పగిలి కోసుకుపోగా, అడుగున ఉన్న బంకమట్టి పొడవాటి బొత్తాం కాజాలా బయటపడింది. చుట్టూ గోధుమ, మధ్యలో గడ్డి. ఆ గడ్డి సన్నని గీతలా ముగిసే చోట నిలబడితే, ఒక కాలు నెషాతెల్ చీజ్ తయారయ్యే పాడి ప్రాంతంలో, ఇంకో కాలు ధాన్యపు ప్రాంతంలో ఉన్నట్టే.

పెద్ద ప్రాంతాల మధ్య జరిగే ఈ విభజన ఒకే వాలు మీద చిన్న కొలతలోనూ జరుగుతుంది. బర్గండీలో డిజోన్ నుంచి దక్షిణంగా సాగే కోత్ దోర్ వాలును పరిశీలిస్తే ఈ సూత్రం చేతితో తాకినంత దగ్గరగా తెలుస్తుంది. తూర్పు ముఖంగా, ఉదయపు ఎండకు ఎదురుగా ఉన్న ఆ వాలు పైభాగంలో మట్టి పలచన, రాయి పైకి తేలి ఉంటుంది. అక్కడ పొదలు, అడవి. అడుగున, పై నుంచి కొట్టుకొచ్చిన మట్టి పేరుకుని లోతుగా, బరువుగా ఉంటుంది. అక్కడ నీరు ఎక్కువ, ద్రాక్ష గింజ ఉబ్బుతుంది, రుచి పలచబడుతుంది. నడుమ, చేతికి గరుకుగా తగిలే సున్నపురాతి ముక్కలు కలిసిన మట్టి ఉన్న సన్నని పట్టీలో దేశంలోనే అత్యంత ఖరీదైన ద్రాక్ష తోటలున్నాయి. వూజో గ్రామంలో మధ్యయుగపు సిస్టర్షియన్ సన్యాసులు చుట్టూ గోడ కట్టించిన సుమారు 50 హెక్టార్ల తోట ఒక్కదానిలోనే ఈ మూడు స్థితులూ కనిపిస్తాయి: పై గోడ దగ్గర గులకతో తేలికైన నేల, రోడ్డుకు ఆనుకున్న కింది గోడ దగ్గర వాన తర్వాత బూట్లకు అంటుకుని వదలని బంక. చట్టం ఆ తోటంతటికీ ఒకే అగ్రశ్రేణి హోదా ఇచ్చింది. సాగు చేసేవారికి మాత్రం పైసాళ్లకూ కిందిసాళ్లకూ ఉన్న తేడా బాగా తెలుసు. పాత రోజుల్లో ఏటా శీతాకాలంలో ద్రాక్ష కూలీలు, వానకు కిందికి జారిన మట్టిని వీపు బుట్టల్లో మోసి మళ్లీ పైకి చేర్చేవారు. వాలు తీసుకుపోయినదాన్ని మనిషి వీపు మీద వెనక్కి తెచ్చిన ఆ పని లేకుంటే ఆ తోటలు ఇన్ని శతాబ్దాలు నిలిచేవి కావు.

పారిస్‌కు తూర్పున ఉన్న షాంపేన్ ప్రాంతంలోనూ ద్రాక్ష వాలుకే అంటిపెట్టుకుంది. అక్కడ ఒక ఘనపు మీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీటిని స్పాంజిలా పట్టి ఉంచి, వేసవిలో వేళ్లకు కొంచెం కొంచెంగా వదులుతుంది. కానీ ఆ వాలు కింద, అదే సుద్ద మైదానంగా పరుచుకున్న చోట చరిత్ర వేరు. పైమట్టి పలచనగా, పోషకాలు లేక, తెల్లగా ఉండే ఆ నేల 20వ శతాబ్దం మధ్య వరకు గొర్రెలకూ, 19వ శతాబ్దంలో నాటిన పైన్ చెట్లకూ తప్ప పనికిరానిదిగా పేరుపడింది. దాన్ని దరిద్రపు షాంపేన్ అన్న అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పైన్ తోటలను యంత్రాలతో తొలగించి, భాస్వరం, పొటాష్ ఎరువులు వేయడంతో అది దేశంలోనే ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ, బీట్ పొలాల్లో ఒకటైంది. దీన్ని మనిషి నేలను జయించిన కథగా చెబుతుంటారు. వాస్తవానికి ఆ నేలలో కొరవడింది పోషకాలే, వాటిని సంచుల్లో తెచ్చి పోయవచ్చు. తెచ్చి పోయలేనిది, అంటే నీటిని పట్టి ఉంచే గుణం, సుద్దలో ముందునుంచే ఉంది.

పడమటి పురాతన గుట్టల్లో పరిస్థితి తలకిందులు. బ్రిటానీలో గ్రానైట్, పలకరాయి నీటిని లోపలికి పోనివ్వవు. ప్రతి పల్లంలో ఒక ఊట, ప్రతి లోయలో ఒక పిల్లవాగు. నేల పలచన, ఆమ్లత్వం ఎక్కువ, సున్నం దాదాపు లేదు. 19వ శతాబ్దం దాకా విస్తారమైన భూములు తుప్పలతో నిండిన బీళ్లుగానే ఉండిపోయాయి. తీరప్రాంత రైతులు సముద్రపు గవ్వల ఇసుకను, సున్నపు నాచును బండ్లలో తోలి పొలాలకు వేసేవారు. లోపలి ప్రాంతాలకు రైలు వచ్చాకే సున్నం చేరింది. మట్టి గట్ల మీద పెంచిన చెట్ల కంచెలతో చిన్న చిన్న గదులుగా విడిపోయిన ఈ పొలాల తీరును బొకాజ్ అంటారు. ఆ కంచె పశువును ఆపింది, వంటచెరకు ఇచ్చింది, సముద్రపు గాలిని అడ్డింది, వాలు మీద జారే నీటినీ మట్టినీ పట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నీరు అంతటా దొరికే చోట ఇళ్లు విడివిడిగా ఉంటాయనీ, లోతు బావులు తవ్వాల్సిన సున్నపునేలల మీద ఊళ్లు గుంపుగా ఉంటాయనీ ఒక వివరణ చాలాకాలం ప్రచారంలో ఉంది. అది వినడానికి బాగుంది గానీ నిలవదు. లొరేన్‌లో బంకనేల మీద నీటికి కొదవ లేదు, అయినా ఊళ్లు గుంపుగానే ఉంటాయి, చేలకు కంచెలు లేవు. నార్మండీలోని కో పీఠభూమిలో పొడి గరపనేల మీద, నీటి కోసం కుంటలు తవ్వుకోవాల్సిన చోట, రైతు ఇళ్లు బీచ్ అనే జాతి ఎత్తైన చెట్ల వరసల నడుమ విడివిడిగా ఉన్నాయి. చరిత్రకారుడు మార్క్ బ్లాక్ 1931లోనే పొలాల ఆకారం వెనుక పంట మార్పిడి కట్టుబాట్లు, ఉమ్మడి మేత హక్కులు, నాగలి రకాలు ఎంత బలంగా పనిచేశాయో చూపించాడు. నేల, వాలు ఏ పంట సులువో ఏది కష్టమో నిర్ణయించాయి. గట్టు ఎక్కడ వేయాలో, ఇల్లు ఎక్కడ కట్టాలో ఊరి కట్టుబాటే ఎక్కువగా నిర్ణయించింది. ఈ రెండింటినీ కలిపేస్తే భూగోళం జాతకంలా తయారవుతుంది.

మాసిఫ్ సెంట్రల్‌లో ఎత్తుకూ మట్టికీ మధ్య వైరుధ్యాలు చాలా దగ్గరగా ఉంటాయి. పశ్చిమాన లిముజాన్ గ్రానైట్ మీద పచ్చిక, మాంసం కోసం పెంచే ఎర్రటి పశువులు. కాంతాల్ బసాల్ట్ మీద, వెయ్యి మీటర్లకు పైన, తడిని పట్టి ఉంచే అగ్నిపర్వత మట్టిలో వేసవి మేత భూములు. వీటి నడుమ అలియే నది పక్కన భూమి కుంగిపోయి ఏర్పడిన లిమాన్ పల్లం ఉంది. 1,465 మీటర్ల పుయ్ ద దోమ్ శిఖరం నుంచి చూస్తే, పచ్చిక మధ్యలో ఎవరో నల్లని గుడ్డ పరిచినట్టు ఉంటుంది. పాత సరస్సు అడుగున చేరిన సున్నపు బురద, అగ్నిపర్వత బూడిద, చిత్తడిలో కుళ్లిన గడ్డి కలిసి అక్కడి నల్లమట్టిని తయారుచేశాయి. కొండల చాటున ఉండడం వల్ల అక్కడ ఏటా 600 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, కానీ కాలువలు తవ్వి చిత్తడిని తీసేశాక ఆ నేల గోధుమకు, మొక్కజొన్న విత్తనాలకు పేరుపడింది.

అదే మాసిఫ్‌లో దక్షిణాన, లార్జాక్, మెజాన్ పీఠభూములతో కూడిన గ్రాండ్ కోస్ ప్రాంతం పూర్తిగా వేరే లోకం. లిమాన్ కన్నా ఎక్కువ వాన పడుతుంది, అయినా ఒక్క వాగు లేదు. పగుళ్లు పడ్డ సున్నపురాయి నీటినంతా మింగేసి, నాలుగైదు వందల మీటర్ల కింద తార్న్ లోయ అడుగున ఊటలుగా వదులుతుంది. పైన మిగిలేది రాళ్లు, పొట్టి గడ్డి, గొర్రెలు. రాయి కరిగి గుంతలు పడిన చోట మాత్రం ఎర్రమట్టి పేరుకుంటుంది. ఎకరం రెండెకరాలుండే ఆ గుండ్రటి గుంతలే ఆ పీఠభూమి మొత్తానికి దుక్కి నేల. వేసవిలో ఎత్తు నుంచి చూస్తే బూడిదరంగు బీడులో అక్కడక్కడ పచ్చటి వృత్తాలు కనిపిస్తాయి. గొర్రెలకు నీళ్ల కోసం బంకమట్టి మెత్తి, పైన రాళ్లు పరిచి కట్టిన పళ్లేల్లాంటి కుంటలున్నాయి. రాళ్లు పరచకపోతే గిట్టల తాకిడికి మట్టి తెగి నీరంతా ఇంకిపోతుంది. ఆ గొర్రె పాలతోనే, అదే సున్నపురాయి పగుళ్ల గుండా చల్లటి తడిగాలి వీచే గుహల్లో రోక్‌ఫోర్ చీజ్ మాగుతుంది. 1925లో ప్రత్యేక చట్టంతో ఆ పేరుకు రక్షణ కల్పించారు. నీటిని నిలబెట్టుకోలేని రాయి, గోధుమను కాదని, ఆ చీజ్‌ను ఇచ్చింది.

నైరుతిన గాస్కనీలోని లాండ్‌లో దీనికి విరుద్ధమైన ఇబ్బంది. అది దాదాపు పది లక్షల హెక్టార్ల చదును ఇసుక. ఇసుక నీటిని వదిలేయాలి. కానీ అక్కడ అడుగున ఇనుము, సేంద్రియ పదార్థం కలిసి గట్టిపడిన పెంకు లాంటి పొర ఉంది, పైగా నేలకు వాలు లేదు. శీతాకాలంలో మడుగు, వేసవిలో ఎండమట్టి. పొడవాటి కర్రల మీద నిలబడి గొర్రెలు కాసిన అక్కడి కాపరుల బొమ్మలు వింతగా కనిపిస్తాయి గానీ, ఆ నీటిలో దూరాలు నడవడానికి, మందను చూడడానికి వారికి అదే దారి. ఇంజనీరు షాంబ్రలాన్ కాలువలు తవ్వి పైన్ నాటవచ్చని చూపాక, 1857 చట్టం గ్రామాల ఉమ్మడి భూములను ఎండగట్టి అడవి పెంచాలని నిర్బంధించింది. ఒక తరంలో గొర్రెల లోకం అంతరించి పైన్ అడవి వచ్చింది. ఉమ్మడి బీడు మీద బతికిన కాపరులకు అది అభివృద్ధిలా అనిపించి ఉండదన్నది మరవకూడదు.

రోన్ నది డెల్టా అయిన కామార్గ్‌లో నీటితోపాటు ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రానికి కొద్దిగానే ఎత్తున ఉన్న ఆ చౌడునేలలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వరి సాగు విస్తరించింది. మడిలో నిలబెట్టిన నదినీరు ఉప్పును కిందికి తోస్తుంది, ఆ తర్వాతే గోధుమ పండుతుంది.

పర్వతాల్లో వాలు నేరుగా చట్టంలోకే ఎక్కింది. ఒకే లోయలో ఎండకాసే వాలు మీద ఊళ్లు, పొలాలు ఉంటాయి, నీడ వాలు అడవికి వదిలేస్తారు. 1975లో ఐరోపా సమాజం (నేటి ఐరోపా సమాఖ్యకు ముందు రూపం) కొండప్రాంత రైతులకు ప్రత్యేక సహాయం మొదలుపెట్టాక, ఫ్రాన్స్‌లో సాధారణంగా 700 మీటర్ల ఎత్తు లేదా 20 శాతానికి మించిన వాలు అందుకు కొలమానమైంది. ట్రాక్టరు ఒరిగిపోయే చోట గడ్డి కోసేవారికి మైదానపు ధరతో గిట్టుబాటు కాదని ఆ అంకె ఒప్పుకుంటుంది.

గొట్టాలు, సున్నం, ఎరువులు, బోర్లు వచ్చాక ప్రాంతాల మధ్య పాత తేడాలు పోయాయనే వాదన ఉంది. బ్రిటానీ దాన్ని కొంతవరకు సమర్థిస్తుంది: ఓడల్లో వచ్చే దాణాతో నడిచే ఆ ప్రాంతం నేడు దేశంలోని పందుల్లో సగానికి పైగా పెంచుతోంది, నేల సారంతో పనిలేనట్టే. కానీ ఆ పేడలోని నత్రజని ఎక్కడికి పోవాలో నిర్ణయించేది మళ్లీ ఆ రాయే. లోతుకు దిగలేని నీరు చిన్న వాగుల గుండా సముద్రపు అఖాతాల్లోకి చేరి, 1970ల నుంచి ఆకుపచ్చ నాచుగా ఒడ్డున కుప్పలు పడుతోంది. బోస్‌లోనూ 1990ల కరువుల తర్వాత భూగర్భ జలాన్ని రైతులు పరిమితులకు లోబడి తోడుకోవాల్సి వస్తోంది.

కో పీఠభూమిలో ఈ విషయం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి గరపనేలకు ఒక బలహీనత ఉంది: సేంద్రియ పదార్థం తగ్గితే వాన చినుకుల దెబ్బకు పైపొర కరిగి, ఎండాక పెచ్చులా గట్టిపడుతుంది. ఆ పెచ్చు మీద పడిన తర్వాతి వాన ఇంకదు, జారుతుంది. రైతు ఇళ్ల చుట్టూ, పొలాల పల్లాల్లో పచ్చికలు ఉన్నంతకాలం ఆ జారిన నీటిని గడ్డి పట్టేది. 1984లో పాల ఉత్పత్తికి పరిమితి విధించిన ఐరోపా పాల కోటాలు వచ్చాక పాడి తగ్గి చాలా పచ్చికలు దుక్కి అయ్యాయి, కంచెలు అంతకుముందే, చెదిరిన చిన్న కమతాలను కలిపిన భూముల ఏకీకరణలో పోయాయి. కనీకనిపించని వాలు ఉన్న పొలాల నుంచి కూడా గోధుమరంగు బురద లోయల్లోని ఇళ్లలోకి చొరబడింది. సుద్ద పగుళ్ల గుండా దిగి తాగునీటి ఊటలను మసకబార్చింది. ఇప్పుడు అక్కడి రైతులు పొలం మధ్యలో, రెండు వాలులు కలిసే పల్లపు గీత వెంట పది ఇరవై మీటర్ల వెడల్పున గడ్డి విత్తుతున్నారు, దానికి అడ్డంగా కొమ్మల కట్టలు పాతి చిన్న అడ్డుకట్టలు వేస్తున్నారు. గడ్డి పట్టీ ఎక్కడ వేయాలో పటం చూసి నిర్ణయించనక్కర్లేదు. గట్టి వాన పడిన మర్నాడు పొలంలోకి వెళ్తే, గోధుమ మొలకలు ఏ వైపు పడి ఉన్నాయో నీరే గీసి చూపిస్తుంది.